కుళ్లడం వేరు, చివకడం వేరు: డెల్టాలో ఆకుల ఎరువు త్వరగా తయారవ్వాలంటే

మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి గోదావరి డెల్టాలో ఏ ఊరు చూసినా సాయంత్రాలు పొగ వాసనే. వాకిట్లో బాదం చెట్టు ఎర్రబడి ఉన్న ఆకంతా దులిపేస్తుంది, వేప రాలుస్తుంది, రోడ్డు పక్క నిద్రగన్నేరు రాలుస్తుంది, రోజూ ఊడ్చి ఊడ్చి విసుగెత్తాక ఎవరి చెయ్యైనా అగ్గిపెట్టె మీదకే పోతుంది. కాల్చడం ఇష్టంలేని వాళ్లు దొడ్డి చివర గొయ్యి తవ్వి అందులో పోస్తారు. ఏడాది పోయాక ఆ గొయ్యి తెరిస్తే పైన జానెడు మందాన మంచి ఎరువే ఉంటుంది, కానీ దాని కింద నల్లగా, జిగటగా, మురుగు కంపు కొట్టే ముద్ద, ఆ ముద్దలో ఈనెతో సహా చెక్కుచెదరని మామిడాకులు. ఏడాది నానినా ఆకు ఆకులాగే ఉండిపోయింది. ఈ ఆకు ఎరువవ్వదులే అనుకుని మళ్లీ ఏడు అగ్గిపెట్టె తీస్తారు.

ఆకులో లోపమేమీ లేదు. గొయ్యిలోకి గాలి పోలేదు, అంతే.

రెండు మాటలు మనకి ఎప్పటినుంచో ఉన్నాయి: కుళ్లడం, చివకడం. మాటల్లో ఒక్కోసారి కలిపేస్తాం గానీ తేడా అందరికీ తెలుసు. గుడ్డు కుళ్లుతుంది, పండు కుళ్లుతుంది, కంపు కొడుతుంది. పశువుల ఎరువు మాత్రం చివకాలి అంటాం, చివికిన ఎరువు చేతిలోకి తీసుకుంటే మట్టి వాసన తప్ప ఇంకేం రాదు. ఈ తేడా అంతా గాలిదే. గాలి ఆడే చోట పెరిగే సూక్ష్మజీవులు ఆకులోని కార్బన్‌ని పూర్తిగా మండించి బొగ్గుపులుసు గాలిగా వదిలేస్తాయి, ఆ మంటే కుప్పలో మనకి తెలిసే వేడి. గాలి అందని చోట వేరే జాతులు పనిలోకి దిగుతాయి. అదే పిండి పదార్థం నుంచి వాటికి దొరికే శక్తి చాలా తక్కువ, గాలి ఉన్నప్పటితో పోలిస్తే సుమారు పదిహేనో వంతు. అందుకే అవి నెమ్మదిగా పెరుగుతాయి, నెమ్మదిగా తింటాయి, తిన్నదాన్ని పుల్లటి ఆమ్లాలుగా, మీథేన్‌గా, కుళ్లిన గుడ్డు వాసన వేసే గంధకపు వాయువుగా వదులుతాయి. ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆకు ఈనెకీ పుల్లకీ గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ని ప్రధానంగా విరగ్గొట్టేవి బూజు జాతులు, వాటికి ఆక్సిజన్ లేకపోతే ఆ పని జరగదు. గొయ్యి అడుగున ఏడాది తర్వాత కూడా ఈనెలు మిగిలిపోయేది అందుకే.

ఇక మన నేల సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి డెల్టాకి నీళ్లకి కొదవ లేదు, పచ్చదనానికీ కొదవ లేదు, ఇన్ని ఆకులు ఇక్కడ రాలుతున్నాయంటే అది కాలువల పుణ్యమే. కానీ అదే నీళ్లు గొయ్యికి శత్రువు. నల్లరేగడి లాంటి బంకమన్ను, అందులోకి దిగిన నీరు ఓ పట్టాన ఇంకదు. కాలువలు పారే రోజుల్లో నాలుగైదడుగులు తవ్వితే చాలు, నీరు ఊరే ఊళ్లు కోనసీమలో కోకొల్లలు. అలాంటి చోట తీసిన గొయ్యి సార్వా, అంటే వానాకాలపు పంట కాలమంతా చిన్న చెరువే. మెట్ట ప్రాంతంలో, తడి ఆరిపోకూడదని గొయ్యి తవ్వుకోవడంలో అర్థం ఉంది. ఆ అలవాటు డెల్టాకి పనికిరాదు.

ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, మన రైతుల పద్ధతుల్నే చూసి నేర్చుకుని ఒక క్రమంలో పెట్టిన కంపోస్టు విధానంలో కూడా ఈ జాగ్రత్త కనిపిస్తుంది. ఎండాకాలంలో లోతు తక్కువ గుంటలు, వానాకాలంలో నేల మీదే కుప్పలు. మూడు సార్లు తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. ఆ తర్వాత వచ్చిన బెంగళూరు పద్ధతిలో గొయ్యి నింపి పైన మట్టి మెత్తేస్తారు, తిరగేసే పని ఉండదు, కానీ ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగాలి. మహారాష్ట్రలో పుట్టిన నాడెప్ తొట్టి నేల మీద ఇటుకలతో కడతారు, గోడల నిండా కావాలనే కన్నాలు వదులుతారు, మూడు నాలుగు నెలలు పడుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచారంలోకి తెచ్చిన బర్కిలీ పద్ధతిలో రోజు విడిచి రోజు తిరగేస్తూ పద్దెనిమిది రోజుల్లో తేల్చేస్తారు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రహస్యమేమీ లేదు, గాలి ఎంత ఎక్కువ అందితే రోజులు అంత తగ్గుతున్నాయి.

త్వరగా అవ్వాలంటే ఆకుల్ని ముక్కలు చేసి వేయమని కూడా అంటారు, అది ఎందుకు? గాలి ఒక్కటే చాలదా? ఇక్కడ ఒక బాదం ఆకుని చేతిలోకి తీసుకుని చూడాలి. పై వైపు నూనె రాసినట్టు మెరుస్తుంది, నీటి చుక్క వేస్తే జారిపోతుంది. అది మైనపు పొర. సూక్ష్మజీవి లోపలికి దూరేది ఎక్కువగా చిరిగిన అంచు నుంచే. సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆకు అనుకుంటే, నలుచదరంగా లెక్కేసినా దాని అంచు మొత్తం 60 సెంటీమీటర్లు. అదే ఆకుని రెండేసి సెంటీమీటర్ల ముక్కలు చేస్తే 50 ముక్కలు, ఒక్కో ముక్కకి 8 సెంటీమీటర్ల అంచు, మొత్తం 400. ఆకు అదే, బరువు అదే, దూరడానికి దారులు మాత్రం ఆరు రెట్లకు పైగా పెరిగాయి. ఇంకో లాభం కూడా ఉంది. ముక్కలు చేయని ఆకులు తడిస్తే విస్తరాకుల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ దొంతర లోపలికి నీరూ పోదు, గాలీ పోదు. కుప్ప మధ్యలో పొడిగా, పుస్తకంలా పేర్చినట్టు ఆకులు దొరకడం చాలామంది చూసే ఉంటారు.

అలాగని పిండి చేయకూడదు. ఒక్కో సెంటీమీటరు ముక్కలు చేస్తే అంచు 800 అవుతుంది, లెక్కలో బాగానే ఉంటుంది, కానీ తడి తగలగానే అదంతా అట్టు పిండిలా కూర్చుకుపోయి గాలి దారులు మూసుకుపోతాయి. మొదటికే మోసం. ముక్కలు చేసే మెషిన్ కొన్నవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే అనిపిస్తుంది: సన్నని జల్లెడ పెట్టి పొడి చేసేసి, త్వరగా అయిపోతుందనుకుని, వారం తర్వాత కుప్ప తెరిస్తే పుల్లటి కంపు. ఆకులైతే ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు, పుల్లలైతే ఇంకొంచెం పెద్దవి ఉన్నా పరవాలేదు, అక్కడక్కడ వేలెడు పుల్లలు ఉండటమే మేలు, అవి లోపల గాలి సందులు నిలబెడతాయి.

ముక్కలు చేయడానికి ఖరీదైన ష్రెడ్డరే ఉండాలని లేదు. పశువుల గడ్డి కోసే చాఫ్ కట్టర్ చాలా రకాల ఆకులకి సరిపోతుంది. పెరటి మేరకైతే డ్రమ్ములో ఆకులు పోసి, కలుపు కోసే బ్రష్ కట్టర్ దింపే వాళ్లున్నారు, కళ్లద్దాలు లేకుండా ఆ పని చేయొద్దు. ఆకు బాగా ఎండి పెళపెళలాడుతున్నప్పుడే కొట్టాలి, తడి ఆకు మెషిన్ గొంతులో ఇరుక్కుంటుంది. ఇవేవీ లేని రోజుల్లో మన ఇళ్లలో ఇంతకంటే తెలివైన పద్ధతి ఒకటి నడిచేది: కొట్టంలో గేదెల కింద ఎండాకులూ చిందరవందర గడ్డీ పరిచేవారు. రాత్రంతా వాటి కాళ్ల కింద నలిగి ముక్కలయ్యేవి, మూత్రం పీల్చుకుని నత్రజని చేరేది, పేడ అంటుకుని సూక్ష్మజీవులు చేరేవి. హోవార్డ్ ఇండోర్‌లో చేసింది దాదాపు ఇదే. కొట్టాలకి సిమెంటు గచ్చు వచ్చి, పైపుతో కడిగి మూత్రమంతా మురుగు కాలువలోకి పంపడం మొదలయ్యాక కొట్టం శుభ్రమైంది, నిజమే, కానీ ఎరువులో సగం బలం ఆ నీళ్లతోనే పోతోంది.

డెల్టాలో దొరికే చెత్త అంతా ఒక్క రకం కాదు, అన్నీ ఒకే కుప్పలో వేస్తే త్వరగా అవ్వాల్సింది నెమ్మదిగా అయ్యేదాని కోసం కాచుకుని కూర్చుంటుంది. కొబ్బరి చెట్టు ఏడాదికి పన్నెండు మట్టల దాకా రాలుస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడంతో నాటిన ఎకరం తోటలో అరవైకి పైగా చెట్లుంటాయి కాబట్టి ఏటా ఏడెనిమిది వందల మట్టలు. ఇందులో ఆకు భాగం ముక్కలు చేసి కుప్పలో వేయొచ్చు, ఈనెలు చీపుర్లకి పోతాయి. మట్ట మొదలు మాత్రం త్వరగా చేసే కుప్పలో వేయొద్దు, అది అడుగున పరవడానికి పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత. డొక్కల నుంచి వచ్చే కొబ్బరి పొట్టు ఇంకా మొండిది. దాదాపు మూడో వంతు లిగ్నినే, కార్బన్ నత్రజని నిష్పత్తి వందకి అటూ ఇటూ, అంటే ఒక పాలు నత్రజనికి వంద పాళ్ల కార్బన్. దానికి టన్నుకి ఐదు కిలోల యూరియా, ప్లూరోటస్ పుట్టగొడుగు విత్తనం వేసి విడిగా చివకబెట్టే పద్ధతి ఉంది, ఆకుల కుప్పలో గంపలకొద్దీ కుమ్మరించకూడదు.

అరటి బోదె దీనికి పూర్తిగా ఎదురు. గెల కోశాక మిగిలే బోదెలో తొంభై శాతానికి పైగా నీరే, పొటాష్ పుష్కలం, నత్రజని పెద్దగా లేదు. చిన్న చిన్న బిళ్లలుగా నరికి ఎండాకుల్లో కలిపితే విడిగా నీళ్లు పోసే పని చాలావరకు తప్పుతుంది. వాడు తెగులుతో చచ్చిన అరటి మాత్రం కుప్ప దగ్గరికే రానీయొద్దు. ఆ తెగులు తెచ్చే బూజు నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది, కుప్పలో ప్రతి ముక్కకీ వేడి సరిగ్గా తగిలిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. గుర్రపు డెక్క సంగతి కూడా ఇలాంటిదే, మంచీ ఉంది జాగ్రత్తా ఉంది. కాలువల్లో, డ్రెయిన్లలో కావలసినంత, పైగా నత్రజని ఉన్న పచ్చి సరుకు. పూత రాకముందే తీసి, గట్టు మీద రెండు మూడు రోజులు వాడబెట్టి, నరికి కలపాలి. తీసింది తీసినట్టు వేస్తే నీళ్ల బస్తా వేసినట్టే. ఫ్యాక్టరీ నీళ్లు, పట్నం మురుగు కలిసే డ్రెయిన్ల నుంచి తెచ్చింది కూరగాయలకి వాడే ఎరువులో వద్దు, సీసం లాంటి భార లోహాల్ని వేళ్లతో పీల్చి దాచుకునే గుణం దానికి బాగా ఉంది.

ఇప్పుడు నత్రజని లెక్క. చాలామంది ఆకులన్నీ కష్టపడి ముక్కలు చేసి, నీళ్లు చల్లి, కుప్ప వేడెక్కలేదని నిరాశపడేది ఇక్కడే. సూక్ష్మజీవికి ముప్పై పాళ్లు కార్బన్‌కి ఒక పాలు నత్రజని కావాలి, పాతిక నుంచి ముప్పై దాకా ఉంటే జోరుగా సాగుతుంది. ఎండాకులో ఈ నిష్పత్తి నలభై నుంచి ఎనభై దాకా ఉంటుంది. యాభై అనుకుందాం. 100 కిలోల ఎండాకులో సుమారు 45 కిలోల కార్బన్, 900 గ్రాముల నత్రజని. ముప్పైకి దించాలంటే కిలోన్నర నత్రజని కావాలి, అంటే 600 గ్రాములు లోటు. ఆ లోటుని అందరూ పేడతో పూడుద్దామనుకుంటారు. పచ్చి పేడలో ఎనభై శాతం నీరే, మిగిలిన దానిలో నత్రజని రెండు శాతం దాటదు. 100 కిలోల ఆకుకి 100 కిలోల పేడ కలిపినా నిష్పత్తి నలభై దగ్గరే ఆగిపోతుంది. పేడ మంచిదే, సూక్ష్మజీవుల్ని తెస్తుంది, తడి నిలుపుతుంది, కానీ నత్రజని కోసం దాన్నే నమ్ముకుంటే కుప్ప గోరువెచ్చగానే ఉండిపోతుంది. ఆ 600 గ్రాములు 1.3 కిలోల యూరియాలో వచ్చేస్తాయి. యూరియా వద్దనుకునే వాళ్లకి డెల్టాలో దారులు చాలా ఉన్నాయి: గట్ల మీద పెరిగే గ్లైరిసిడియా పచ్చి కొమ్మలు ఆకు బరువుకి ఒకటిన్నర రెట్లు కలిపితే చాలు, అనపర్తి చుట్టుపక్కల ట్రాక్టర్ల లెక్కన దొరికే కోళ్ల పెంట ఎండినదైతే 30 నుంచి 40 కిలోలు చాలు. తూకాలు వేసే ఓపిక లేకపోతే ఒక తట్ట ఎండు సరుక్కి ఒక తట్ట పచ్చి సరుకు, ఈ కొలత పెద్దగా దారి తప్పదు.

బూడిద, సున్నం మాత్రం చల్లకండి. కుప్ప క్షారంగా మారి, అంత తంటాలు పడి చేర్చిన నత్రజని అమ్మోనియాగా గాల్లోకి పోతుంది. ముక్కుకి ఘాటు తగిలిందంటే డబ్బు పోతున్న వాసన అదే.

డెల్టాలో ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఎండు సరుకూ పచ్చి సరుకూ ఒకే కాలంలో దొరకవు. ఆకు రాలేది మాఘం నుంచి చైత్రం దాకా, వరిగడ్డి వచ్చేది సార్వా కోతలకి. కలుపు, గుర్రపు డెక్క, కత్తిరించిన కొమ్మలు, జీలుగ, ఇవన్నీ ఒత్తుగా వచ్చేది వానల్లో. ఎండాకాలంలో వేసిన కుప్పకి నత్రజని చాలదు, వానాకాలంలో వేసిన కుప్పలో అంతా పచ్చే కాబట్టి ముద్దయి కుళ్లుతుంది. దీనికి మందు ఆకుల్ని దాచుకోవడమే. ఫాల్గుణంలో ముక్కలు చేసిన ఆకుని సంచుల్లో తొక్కి పాక కింద పెట్టుకుంటే, పది పన్నెండు సంచుల సరుకు మూడు నాలుగు సంచుల్లో పట్టేస్తుంది, వానాకాలమంతా పచ్చి చెత్త వచ్చినప్పుడల్లా ఒక సంచి విప్పి కలుపుకోవచ్చు. ముక్కలు చేయడం వల్ల వచ్చే లాభాల్లో ఇది అంచుల లెక్క కంటే పెద్దదేమో. కడియం వైపు నర్సరీలున్న చోట ఏడాది పొడుగునా కొమ్మ కత్తిరింపులు ఉంటాయి కాబట్టి వాళ్లకి ఈ ఇబ్బంది తక్కువ.

కుప్ప వేసే చోటు ఊరి నేల కంటే కాస్త మిట్టగా ఉండాలి. అడుగున కొబ్బరి మట్టల మొదళ్లు అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరవాలి. దాని మీద సరుకంతా కలిపి పోయాలి. పొరలు పొరలుగా వేయమని చెప్పే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది కానీ, ఆకు ముక్కకి నత్రజని పక్కనే తగలాలి, జానెడు దూరంలో ఉంటే లాభం లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు మీటరుకి తగ్గకూడదు, అంతకంటే చిన్న కుప్ప పుట్టిన వేడిని పుట్టినట్టే పోగొట్టుకుంటుంది. మనిషి ఎత్తు చేసినా కష్టమే, సొంత బరువుకి అడుగు నొక్కుకుపోతుంది. తడి ఎంతుండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారకడితే ఎక్కువ, అరచెయ్యి పొడిగా ఉంటే తక్కువ. సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటిని వాడొద్దు. కుప్ప సగానికి తగ్గేసరికి ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, అంతా ఎరువులోనే చిక్కబడుతుంది. చేపల, రొయ్యల చెరువు అడుగు బురదకీ ఇదే మాట.

అన్నీ సరిగ్గా కుదిరితే రెండో రోజుకే వేడి తెలుస్తుంది. నాలుగో రోజు పొద్దున్నే, ఎండెక్కకముందు, కుప్పలో గుచ్చి ఉంచిన గునపాన్ని పైకి లాగి లోపలున్న కొనని పట్టుకోబోతే చెయ్యి నిలవదు. ఆ వేడి 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంటే సరిగ్గా ఉన్నట్టు. పార పెట్టి ఒక పక్క తీస్తే అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి కొడుతుంది. జానెడు లోతున ఆకు ముక్కల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని చూసి బూజు పట్టి పాడైందని కంగారుపడక్కర్లేదు, అది ఆక్టినోమైసీట్లు అనే సూక్ష్మజీవులు, తొలకరి వానకి నేల నుంచి వచ్చే మట్టి వాసన కూడా వాటిదే. ముక్కలు అప్పటికే గోధుమ రంగు పోయి ముదురుగా మారి ఉంటాయి, వేళ్లతో నలిపితే చిరగడానికి మొరాయించవు. తెల్ల పొర మరీ మందంగా ఉండి, ముక్కలు గలగలలాడుతుంటే మాత్రం నీళ్లు చాలలేదని.

ఆ రోజే మొదటిసారి తిరగేయాలి. ఈ పనిలో ఒక నియమం ఉంది: బయట ఉన్నది లోపలికి, లోపలున్నది బయటికి. ఊరికే కలియబెడితే గాలి అందుతుంది గానీ, బయటి అంచుల్లో వేడి తగలని కలుపు గింజలు, పురుగు గుడ్లు అలాగే మిగిలిపోతాయి. 55 డిగ్రీలకి తగ్గని వేడి మూడు రోజులు తగిలితే రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి, కానీ ఆ మూడు రోజులు ప్రతి భాగానికీ తగలాలి. మొదటి రెండు వారాలు మూడు నాలుగు రోజులకోసారి, తర్వాత వారానికోసారి తిరగేస్తే సరిపోతుంది. వేడి 70 దాటితే పనిచేసే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి కాబట్టి ఆగకుండా వెంటనే తిరగేసి కాస్త నీళ్లు చిలకరించాలి. తడి కుప్ప మీటరు చొప్పున చేసినా నాలుగైదు వందల కిలోలుంటుంది, నడుముకి పనే, ఇందులో దాపరికం ఏముంది. త్వరగా కావాలంటే ఇచ్చుకోవాల్సిన ధర అదే.

వాన వస్తే? చదరపు మీటరు కుప్ప మీద పది సెంటీమీటర్ల వాన పడితే 100 లీటర్ల నీళ్లు పోసినట్టు. వాయుగుండం పట్టిన ఒక్క రోజులో అంతా అయిపోతుంది, వేడి చల్లారి, సందులన్నీ నిండి, కుప్ప కాస్తా గొయ్యిలా మారిపోతుంది. టార్పాలిన్ గట్టిగా చుట్టేస్తే నీళ్లు ఆగుతాయి, గాలీ ఆగుతుంది. కుప్ప పైభాగాన్ని గడ్డివాములా వాలుగా చేసి, తాటాకు తడికో కొబ్బరాకు తడికో వాలుగా కప్పితే నీరు పక్కలకి జారిపోతుంది, ఆవిరి బయటికి పోతుంది. టార్పాలినే వాడాల్సి వస్తే నాలుగు కర్రలు పాతి పందిరిలా పైన కట్టాలి.

సీసాల్లో వచ్చే సూక్ష్మజీవుల మందుల గురించి ఒక మాట. కేంద్ర ప్రభుత్వ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తెచ్చిన వేస్ట్ డీకంపోజర్‌ని 200 లీటర్ల నీళ్లలో రెండు కిలోల బెల్లంతో పెంచుకుని చల్లడం చాలామందికి అలవాటే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వరి కొయ్యల కోసం పూసా డీకంపోజర్ ఇచ్చింది. వాడితే తప్పులేదు, గట్టి గడ్డికీ పొట్టుకీ బూజు జాతులు అందించడంలో అర్థం ఉంది. కానీ రాలిన ఆకు మీద, పేడలో, పాత ఎరువులో సూక్ష్మజీవులు ఉండనే ఉంటాయి, రెండు తట్టల పాత కంపోస్టు కలిపితే అదే విత్తనం. గాలి, నీరు, నత్రజని సరిగ్గా లేని కుప్ప మీద ఎన్ని సీసాలు పోసినా అది లేవదు. కుప్ప వేడెక్కనప్పుడు ముందు పిడికిలితో పిండి చూడాలి, తర్వాత పచ్చి సరుకు లెక్క చూడాలి. సీసా ఆ తర్వాత.

ఇంత కష్టపడి త్వరగా చేయడం ఎందుకు, నెమ్మదిగా అయితే నష్టమేంటి అని అడిగితే, కొబ్బరి తోటలున్న చోట దానికి గట్టి జవాబుంది: కొమ్ము పురుగు. కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోయి, విచ్చుకోని ఆకుని కొరికేస్తుంది, ఆ ఆకు తర్వాత విచ్చుకున్నప్పుడు కత్తెరతో కోసినట్టు విసనకర్ర ఆకారంలో కనిపించేది దీని పనే. చిన్న మొక్కల్లో అయితే మొవ్వే పోయి చెట్టు చచ్చిపోతుంది. ఈ పురుగు గుడ్లు పెట్టేది పెంటపోగుల్లో, చివుకుతున్న కొబ్బరి మొద్దుల్లో. బొటనవేలంత లావున, తెల్లగా, ముడుచుకుని పడుకునే లద్దె పురుగుల్ని పెంటపోగు తవ్వే ప్రతివాళ్లూ చూసే ఉంటారు. గుడ్డు నుంచి రెక్కల పురుగుగా బయటికి రావడానికి దానికి నాలుగైదు నెలలైనా పడుతుంది. ఆరు నెలలు, ఏడాది కదల్చకుండా ఉంచిన పెంటపోగు అంటే ఆ పురుగుకి ఇల్లు కట్టించి ఇచ్చినట్టే, మన ఎరువుతో మన చెట్టుకే ముప్పు. రెండు నెలల్లో తేలిపోయే కుప్పలో ఆ చక్రం పూర్తవ్వదు. మధ్యలో వేడికి గుడ్లూ పిల్లపురుగులూ చస్తాయి, అంచుల్లో మిగిలినవి తిరగేసినప్పుడు బయటపడితే ఇంట్లో కోళ్లు వదిలిపెట్టవు. పాత పెంటపోగు ఉండి, ఇప్పటికిప్పుడు తీయడం కుదరకపోతే మెటారైజియం అనే పచ్చ బూజుని నీళ్లలో కలిపి పోయడం మంచి మార్గం, అది ఆ లద్దె పురుగుకి జబ్బు తెప్పించి చంపుతుంది. వేడి కుప్పకి మాత్రం అది అక్కర్లేదు, ఆ వేడిలో అదీ బతకదు.

పద్దెనిమిది రోజుల మాటని మన ఆకులకి యథాతథంగా నమ్మకూడదు. మామిడాకు, కొబ్బరాకు, పనసాకు తోలులాంటివి. వేప, నిద్రగన్నేరు, మునగ లాంటి మెత్తటి ఆకుల కుప్ప నెల రోజుల్లో చల్లబడొచ్చు, గట్టి ఆకులు కలిసిన కుప్పకి ముక్కలు చేసి, తిరగేసి, అన్నీ చేసినా నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. గొయ్యిలో పట్టే ఏడాదితో పోలిస్తే అది చిన్న లాభమేం కాదు. తిరగేసినా మళ్లీ వేడెక్కకపోతే జోరు అయిపోయినట్టు, ఆ తర్వాత ఇంకో రెండు మూడు వారాలు నీడలో మాగనివ్వాలి. వానపాముల్ని వదలాలంటే ఇదే సమయం, వేడిగా ఉన్నప్పుడు వేస్తే ఉడికిపోతాయి.

మాగకుండా పొలంలో వేస్తే, సగం తిన్న ఆకుని పూర్తి చేయడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, ఎరువు వేశాక మొక్క పచ్చబడాల్సింది పోయి పాలిపోతుంది. అనుమానంగా ఉంటే గుప్పెడు తడి ఎరువుని పాలిథిన్ కవర్లో గాలి పోకుండా కట్టి మూడు రోజుల తర్వాత మూతి విప్పి వాసన చూడండి. మట్టి వాసన వస్తే అయిపోయింది, పులుపో ఘాటో తగిలితే ఇంకా ఉంది. లేదా ఒక డిప్పలో ఎరువు, ఇంకో డిప్పలో మామూలు మట్టి పోసి రెండింట్లో ఇరవయ్యేసి మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది, రెండు చోట్లా ఒకేలా మొలిస్తే భయం లేదు. తయారైన ఎరువుని ఎండలో, వానలో వదిలేస్తే పొటాష్ కొట్టుకుపోతుంది, నీడన గోనె కప్పి కాస్త తడి ఉండేలా చూసుకోవాలి. ఫాల్గుణంలో రాలిన ఆకుతో వేసిన కుప్ప ఈ లెక్కన మృగశిర కార్తె నాటికి కొబ్బరి పాదుల్లో వేయడానికి సిద్ధంగా ఉంటుంది.